ఉస్మాన్‌గంజ్‌లో హీటర్ లైటు

జనవరి, పొద్దున్నే ఐదున్నర. మొజంజాహి మార్కెట్ దాటి ఉస్మాన్‌గంజ్‌లోకి వచ్చేసరికి సగం రోడ్డు లారీలదే. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల షట్టర్లు లేస్తున్నాయి. హమాలీలు తలకు తువ్వాళ్లు చుట్టుకుని బస్తాల మీదే చాయ్ తాగుతున్నారు. పద్నాలుగు డిగ్రీలుంటుందేమో. లడఖ్ వాళ్లు నవ్వుకునే చలే గానీ, మీ ముందున్న చోటా హాథీకి, అంటే టాటా ఏస్‌కి, అది చాలు.

రాత్రంతా బయటే ఉన్న బండి. కుర్రాడు తాళంచెవి పెట్టీ పెట్టగానే చివరిదాకా తిప్పేశాడు. కుర్ర్ర్... కుర్ర్ర్... సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోదు. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ మీ మొహం మీదికే వచ్చింది. కళ్లు మండుతున్నాయి. కాలకుండానే బయటపడ్డ డీజిల్ ఆవిరి అది.

“జర ఆగు తమ్మీ! హీటర్ లైట్ ఆరనియ్యవా?” పక్క లారీలోంచి పెద్ద డ్రైవర్ అరిచాడు. “మా బండ్లకు గా హీటర్లుండయ్. మీ చిన్న బండ్లకే గీ నకరాలన్నీ.”

నకరాలకు కారణముంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ ఉండదు. గాలిని 20 రెట్ల దాకా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. 2005లో వచ్చిన టాటా ఏస్‌ది 702 సీసీ ఇంజన్, రెండే సిలిండర్లు. డీజిల్ నేరుగా పిస్టన్ మీద కాకుండా, పక్కనున్న చిన్న గదిలో చిమ్ముతుంది. చల్లబడ్డ ఆ గది గోడలు వేడిని లాగేస్తాయి. అందుకే లోపల పెన్సిలంత హీటర్ ప్లగ్ ఉంటుంది. కరెంటిస్తే కొన్ని సెకన్లలోనే దాని మొన 800 డిగ్రీలు దాటుతుంది. డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు బొమ్మతో వెలిగే పసుపు లైటు దానిదే.

కుర్రాడు వినిపించుకోలేదు. మళ్లీ సెల్ఫ్ కొట్టాడు, పట్టిన తాళం వదలడు. చప్పుడు బరువెక్కుతోంది, మీ ముక్కుకు కాలిన వార్నిష్ వాసన తగులుతోంది. సెల్ఫ్ మోటారు కొద్ది సెకన్ల పనికే తయారైంది. వంద ఆంపియర్లకు పైగా మింగుతుంది, చల్లార్చే ఏర్పాటేమీ లేదు. బ్యాటరీ దిగేకొద్దీ ఇంజన్ మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగితే నొక్కిన గాలి వేడి గోడల పాలవుతుంది. ఎంతసేపు కొడితే స్టార్టవడం అంత దూరమవుతుందన్నమాట. నన్నడిగితే, ‘బ్యాటరీ పోయింది’ అని షాపుకెళ్లే బళ్లలో చాలావాటికి పోయింది హీటరే.

ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగబోయింది. ఇంజన్ ఫ్లైవీల్ ఇంకా తిరుగుతుండగానే కుర్రాడు మళ్లీ తాళం తిప్పాడు. కర్ర్‌ర్! పళ్లు పళ్లు గీరుకున్న చప్పుడుకు హమాలీలు కూడా తలెత్తారు.

“ఫ్లైవీల్ పండ్లు రాలుతయ్ రా! ఇంజన్ నిలిచినంక కొట్టు. పది సెకన్లే, గంతే. అందకుంటే ఒక నిమిషం ఊకో.”

చాయ్ తాగుతున్న ఎలక్ట్రీషియన్ సీటు లేపి, ప్లగ్గుల వైరు విప్పాడు. టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ప్లగ్ టెర్మినల్‌కు. మొదటిదానికి బల్బు వెలిగింది, రెండోదానికి లేదు. రెండు సిలిండర్ల బండిలో ఒక ప్లగ్ చచ్చిందంటే సగం ఇంజన్‌కు వేడి లేనట్టే.

“ఈథర్ స్ప్రే కొడదామా అన్నా?”

“హీటర్ ఎర్రగున్న ఇంజన్లనా? పేల్తది.”

వైరు బిగించాడు. తాళం మొదటి గాటు దాకానే తిప్పించాడు. లైటు వెలిగి ఆరింది. తాళం తీయించి మళ్లీ అదే పని. క్లచ్ తొక్కించాడు, గేర్‌బాక్స్‌లో చిక్కబడ్డ ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడకుండా. “ఇప్పుడు కొట్టు.” డగ్... డగ్... ఒంటికాలి మీద కుంటి, కాసేపటికి రెండో సిలిండరూ కలిసింది. “తాళం ఇడువు!”

“సాయంత్రం రా, రెండూ మారుస్త.”

“పోయింది ఒకటే గదన్నా?”

“రెండూ ఒక్కనాడే ఎక్కినయ్.”

“ఒకటే మార్చు. ఇంకోటి పోయినప్పుడు చూద్దాం.”

“గప్పుడు మల్ల సీటు లేపిన పైసలు గూడా తీస్కుంట.”