టీ గ్లాసులో సగ్గుబియ్యం

ఈమధ్య విశాఖపట్నంలో కాలేజీ ఆడపిల్లల చేతుల్లో ఓ కొత్తరకం గ్లాసు కనిపిస్తోంది, గమనించారా? పైన బిగించిన మూత, మూతని పొడుచుకుని లోపలికి దిగిన చిటికెన వేలంత లావు గొట్టం, అడుగున నల్లగా నిగనిగలాడే పూసలు. దాని పేరు బబుల్ టీ. ఆ గొట్టంతో పీలిస్తే చల్లటి పాలటీతో పాటు పూసలు కూడా నోట్లోకొస్తాయి. టీ మింగాలి, పూసలు నమలాలి. "తాగే టీని నమలడమేమిటే, చోద్యం కాకపోతే!" అని పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. గ్లాసు ఖరీదు నూటయాభై, రెండు వందలు అని తెలిస్తే ఆ వేలు ఇక ముక్కు మీంచి దిగదు.

చోద్యమే గానీ, సగ్గుబియ్యం పాయసం తాగేటప్పుడు మనం చేసేది కూడా అదే కదూ! ఇంతకీ గ్లాసు అడుగునున్న ఆ నల్లపూసలు ఏమిటనుకున్నారు? మన సగ్గుబియ్యానికి స్వయానా తోబుట్టువులు. రెండూ కర్రపెండలం దుంప పిండితో చేసేవే. మన పూస చిన్నది, తెల్లనిది. వాళ్ళది శనగగింజంత లావు. ముదురు రంగు పంచదారలో నానుతుంది కాబట్టి నల్లబడుతుంది.

ఈ పానీయానికి పుట్టిల్లు తైవాన్ ద్వీపం. 1980లలో అక్కడ చల్లటి టీని డబ్బాలో పోసి, గిలక్కొట్టి, నురుగుతో ఇచ్చే దుకాణాలు మొదలయ్యాయి. బబుల్ అన్న మాట ముందు ఆ నురుగుకే చెల్లింది. పూసలు తరవాత వచ్చాయి. తైచుంగ్ నగరంలో చున్ షుయి తాంగ్ అనే దుకాణం ఉంది. అక్కడ పనిచేసే లిన్ హ్సియూ హుయి అనే ఆవిడ ఒకనాడు ఉద్యోగుల సమావేశంలో, తాను తినడానికి తెచ్చుకున్న సగ్గుబియ్యం మిఠాయిని చల్లటి టీలో వేసుకుని తాగిందనీ, అందరూ రుచి చూసి మెచ్చుకున్నారనీ ఆ దుకాణం వాళ్ళు చెబుతారు. కాదు, 1986లోనే మేం చేశామని తైనాన్ నగరంలోని హాన్‌లిన్ వాళ్ళంటారు. ఇద్దరూ కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. ఎవరైనా చేసుకోదగ్గ పానీయానికి పుట్టుక ఎవరిదో తేల్చాల్సిన పని లేదని 2019లో కోర్టు చెప్పేసింది. పులిహోర మొదట ఎవరు కలిపారని మన అక్కాచెల్లెళ్ళు కోర్టుకెళితే ఏమవుతుందో అదే అయింది!

పూసల సంగతి తైవాన్‌లో మొదలైనా, టీ వేరు మాత్రం మన దేశం దాకా వస్తుంది. తైవాన్‌ని 1895 నుంచి 1945 దాకా జపాన్ ఏలింది. ఆ కాలంలో, 1920లలో, అస్సాం రకం తేయాకు విత్తనాలు తెప్పించి అక్కడి సన్ మూన్ సరస్సు ప్రాంతంలో నాటించారు. ఎర్రగా, చిక్కగా దిగే టీ ఆ మొక్కలది.

అస్సాంలో తేయాకు మొక్క ఉన్న సంగతి 1823లో రాబర్ట్ బ్రూస్ అనే తెల్లవాడికి తెలిసింది. అక్కడి సింగ్‌ఫో తెగవాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఆ ఆకు కాచుకుని తాగుతున్నారు. 1839లో అస్సాం టీ లండన్‌లో వేలానికి వచ్చింది. ఆ తరవాత అక్కడ తోటలు వెలిశాయి. తోటలకి మనుషులు కావాలి. దళారులు ఊళ్ళ మీద పడి కూలీలను పోగుచేశారు. అలా వెళ్ళినవాళ్ళలో మన గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళూ ఉన్నారు. కరువు తరిమితే కొందరు, దళారి మాట నమ్మి కొందరు పిల్లాపాపలతో కదిలారు. ఈనాటికీ అస్సాం తోటల్లో 'తెలెంగా' అని పిలిపించుకునే కుటుంబాలున్నాయి.

రెండాకులూ ఒక మొగ్గా గిల్లే పని అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళదే. వీపున బుట్ట, పక్కన పసిబిడ్డ. ఆవిడ గిల్లిన ఆకు సముద్రాలు దాటింది గానీ, అంతమంచి టీ ఆవిడ కప్పులోకి ఎన్నడైనా వచ్చిందా అన్నది వేరే కథ.

ఆ రోజుల్లో మనవాళ్ళకి టీ తాగే అలవాటే లేదు. మజ్జిగ, అంబలి, తరవాణి ఉండగా ఈ వేడి కషాయం ఎందుకన్నారు. అలవాటు చేయించడానికి తెల్లదొరలు పెద్ద ప్రయత్నమే చేశారు. 1903లో ఎగుమతి టీ మీద పన్ను వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1930లలో ప్రపంచమంతా ధరలు కూలిపోయి టీ పేరుకుపోయేసరికి, సొంత దేశంలోనే అమ్ముకోవాలన్న ఆత్రం ఇంకా పెరిగింది. రైల్వేస్టేషన్లలో బోర్డులు, సంతల్లో ఉచితంగా కప్పులు, ఇంటింటికీ వచ్చి నీళ్ళెంత మరగాలో చూపించే మనుషులు. మన ప్రఫుల్ల చంద్ర రాయ్‌గారేమో టీ తాగడం విషం తాగడమేనన్నారు. గాంధీగారు 1942లో ఆరోగ్యం గురించి రాస్తూ టీ, కాఫీ, కోకో మూడూ ఒంటికి అవసరం లేదన్నారు. 1947లో వచ్చిన ఒక ప్రకటనలో, రాట్నం వడికే ఇల్లాలి పక్కన టీ కప్పు పెట్టి, టీ నూటికి నూరుపాళ్ళు స్వదేశీ అని రాశారు! ఆ బొమ్మ వేసింది అన్నదా మున్షీ అనే చిత్రకారుడు.

ప్రకటనల కంటే ఎక్కువ పని చేసింది గుండ్రటి రవ్వ టీ. ఆకును నలిపి, చించి, చుట్టే సీటీసీ యంత్రం 1930 ప్రాంతంలో అస్సాంలోనే తయారైంది. స్వాతంత్ర్యం వచ్చాక అది ఊరూరా వ్యాపించింది. చెంచాడు పొడితో నాలుగు గ్లాసులు దిగే టీ అది. చవక. అందుకే కూలినాలి చేసుకునేవాళ్ళ చేతికి అందింది.

విశాఖపట్నం కథ ఈ గ్లాసుతోనే పెరిగింది. 1893లో బెజవాడ నుంచి వాల్తేరుకు రైలు వచ్చింది. 1933లో ఓడరేవు తెరిచారు. 1941లో ఓడల కార్ఖానాకి పునాది పడింది, 1948లో 'జల ఉష' నీళ్ళలోకి దిగింది. తరవాత చమురు శుద్ధి కర్మాగారం, ఇంకా తరవాత ఉక్కు. స్టీల్‌ప్లాంటుకి 1971లో శంకుస్థాపన జరిగితే, 1992లో దేశానికి అంకితమైంది. గేటు ఉన్నచోటల్లా షిఫ్టు, షిఫ్టు ఉన్నచోటల్లా టీ బడ్డీ. కొత్తరోడ్డు నుంచి గోపాలపట్నం మీదుగా పెందుర్తి వైపు వెళ్ళండి. రైలు దిగినవాళ్ళు, లారీ ఆపినవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరబోయేవాళ్ళు బడ్డీల ముందు నిలబడి ఉంటారు. సింహాచలం అని పేరు పెట్టుకున్న రైల్వేస్టేషను ఉన్నది మన గోపాలపట్నంలోనే కదా, అప్పన్న దర్శనానికి వచ్చినవాళ్ళూ అక్కడే గొంతు తడుపుకుంటారు.

ఆ బడ్డీ ముందు ఒక బల్ల ఉంటుంది. ఎన్నికలు, జీతాలు, సినిమాలు, అల్లుళ్ళు, ఊరి సంగతులన్నీ ఆ బల్ల మీదే తేలతాయి. ఆ బల్ల మీద ఎప్పుడైనా ఓ ఆడమనిషి తీరిగ్గా కూర్చుని, గ్లాసు ఊదుకుంటూ, పేపరు తిరగేస్తూ కనిపించిందా? నాకు కనిపించలేదు. విచిత్రమేమిటంటే చాలాచోట్ల ఆ టీ కాచేది ఆడమనిషే. తెల్లవారుజామున పొయ్యి వెలిగించేది, పాలు కాచేది, గ్లాసులు కడిగేది ఆవిడే. బల్ల మాత్రం ఆవిడది కాదు.

కాఫీ హోటళ్ళలో మనకి 'ఫ్యామిలీ రూము' అని ఒక మూల, దానికో మాసిన తెర ఉండేది. ఆ తెర వెనక్కి కూడా ఒక్కత్తే వెళ్ళే ధైర్యం ఉండేది కాదు. పక్కన ఆయనో, అన్నయ్యో ఉండాలి. తాగడం, లేవడం. కబుర్లు చెప్పుకోవాలంటే మనకి వీధి అరుగు, గుడి మండపం, నూతిపళ్ళెం ఉండేవి. అపార్టుమెంట్లు వచ్చాక అరుగు పోయింది, కుళాయిలు వచ్చాక నుయ్యి పోయింది.

సరే, వీధిలో టీ కథ ఇలా నడుస్తుంటే, వంటింట్లో సగ్గుబియ్యం కథ ఇంకోలా నడిచింది. సగ్గు అన్న మాట మలయా ద్వీపాల నుంచి వచ్చింది. అక్కడ సాగూ చెట్టు మొదట్లోని బోదెను కడిగి పిండి తీస్తారు. తమిళులు దీన్నే జవ్వరిసి, అంటే జావా బియ్యం, అంటారు. మనం ఇప్పుడు తినేది ఆ చెట్టుది కాదు, బ్రెజిల్ దేశం నుంచి వచ్చిన కర్రపెండలానిది. ఆ దుంపని తిరువాన్కూరులో బాగా ప్రోత్సహించినవాడు 1880 నుంచి 1885 దాకా రాజ్యం చేసిన విశాఖం తిరునాళ్ మహారాజు. విశాఖ నక్షత్రంలో పుట్టాడు కాబట్టి ఆయనకా పేరు. విశాఖవాళ్ళం మనం ముచ్చటపడొచ్చు! రెండో ప్రపంచయుద్ధంలో తూర్పు సముద్రం మూసుకుపోయి, మలయా నుంచి సరుకు ఆగిపోయింది. అప్పుడు, 1943 ప్రాంతంలో, సేలంలో కర్రపెండలంతో సగ్గుబియ్యం చేయడం మొదలైంది. మన గోదావరి మెట్టలో పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల కూడా కర్రపెండలం చేలు, సగ్గుబియ్యం మిల్లులు వెలిశాయి. గోపాలపట్నంలో రైలెక్కితే రెండు మూడు గంటల దూరం, అంతే. దుంప చెక్కు తీసి, రుబ్బి, పాలు తేర్చి, ఆ ముద్దని ఊపి పూసలు కట్టిస్తారు. పెనం మీద వేయించి ఎండబెడతారు. ఇక మన ఇళ్ళలో ఏముంది? జ్వరం వచ్చి తగ్గినవాడికి జావ, పండక్కి పాయసం, ఎండాకాలం మేడ మీద వడియాలు. కాకులు రాకుండా కాపలా కాసింది కూడా ఆడపిల్లలే.

ఇప్పుడు ఆ రెండు కథలూ ఒక గ్లాసులో కలిశాయి. వీధిది టీ, వంటింటిది సగ్గుబియ్యం. పైదేశం వాళ్ళు కలిపి పంపారు కాబట్టి మనకి వింతగా ఉంది గానీ, దినుసులు రెండూ మన ఎరికలోవే.

కానీ నాకు ఆ గ్లాసు కంటే దాని ముందున్న కుర్చీ ముఖ్యమనిపిస్తుంది. ఆ దుకాణాల్లో చూడండి, తెర లేదు. అద్దాల వెనక అందరికీ కనబడేలా నలుగురు ఆడపిల్లలు పుస్తకాల సంచులు పక్కన పడేసి కూర్చుంటారు. గంటసేపు పూసలు నములుతూ పరీక్షలు, ఉద్యోగాలు, ఇంట్లో వచ్చిన సంబంధాలు మాట్లాడుకుంటారు. లేవమనేవాడు లేడు, నీకిక్కడేం పని అనేవాడు లేడు. రెండు వందలు దేనికమ్మా అంటే పంచదార నీళ్ళకి కాదు, ఆ గంటకి. అది తెలిసి కొంటున్నారో తెలియక కొంటున్నారో గానీ, కొంటున్నది మాత్రం అదే.

ఇది మన ఊరి బాధ ఒక్కటే కాదు. 2011లో బొంబాయి మీద ముగ్గురు మహిళలు ఒక పుస్తకం రాశారు. ఆడది వీధిలో ఉండాలంటే ఏదో పని మీద ఉన్నట్టు కనబడాలి, ఊరికే ఉండకూడదు, అదెందుకని వాళ్ళ ప్రశ్న. 2015లో కరాచీలో కొందరు అమ్మాయిలు ధాబాల్లో కూర్చుని టీ తాగుతూ ఫొటోలు తీసి అందరికీ చూపించారు. టీ తాగడం కూడా వార్త అయిందంటే, ఆ బల్ల ఎన్నాళ్ళు ఎవరిదై ఉందో ఆలోచించండి.

అయితే ఒక్క చిక్కుంది. రెండు వందలు ఇవ్వగలిగిన పిల్లకే ఆ కుర్చీ. గోపాలపట్నంలో బట్టల కొట్లో నిలబడి పనిచేసే పిల్లకి, ఇళ్ళలో అంట్లు తోమి బస్సు కోసం ఎదురుచూసే వెంకాయమ్మకో పైడమ్మకో ఆ డబ్బుతో రెండు రోజుల కూరలొస్తాయి. వాళ్ళ కాళ్ళకీ నొప్పులుంటాయి, వాళ్ళకీ నాలుగు మాటలుంటాయి. వాళ్ళకి దగ్గరగా ఉన్నది పది రూపాయల టీ బడ్డీయే. అక్కడ బల్ల మగవాళ్ళతో నిండి ఉంటుంది కాబట్టి, గ్లాసు పుచ్చుకుని పక్కకి తిరిగి నిలబడి గబగబా తాగి వెళ్ళిపోతారు. అస్సాంలో ఆకు గిల్లిన ఆ తెలెంగా ఆడపడుచుల బంధువులే కదమ్మా వీళ్ళు!

పిల్లలు బబుల్ టీ తాగి డబ్బు తగలేస్తున్నారని కోప్పడేముందు ఈ సంగతి కాస్త ఆలోచించండి. పంచదార ఎక్కువ, రోజూ వద్దని చెప్పండి, అది న్యాయమే. పాలటీ చల్లార్చి, లావు సగ్గుబియ్యం బెల్లంపాకంలో ఉడికించి వేస్తే ఇంట్లోనే పదోవంతు ఖర్చులో అవుతుంది, అదీ చేసి పెట్టండి. కానీ వాళ్ళు బయట కూర్చోవడాన్ని మాత్రం తప్పు పట్టకండి. వీలైతే ఈసారి రైతుబజారుకి వెళ్ళి వచ్చేటప్పుడు, సంచి కింద పెట్టి, పక్కింటావిడతో కలిసి ఆ పది రూపాయల బడ్డీ దగ్గర ఆగండి. "బాబూ, కాస్త జరుగుతారా?" అని అడిగి బల్ల మీద కూర్చోండి. మొదటిరోజు నలుగురూ చూస్తారు. నాలుగోరోజుకి ఎవరి పేపరు వాళ్ళు చదువుకుంటారు. ఆ తరవాత బట్టల కొట్టు పిల్ల కూడా వచ్చి మీ పక్కన కూర్చుంటుంది.