ఇంజన్ రేసుకు కళ్లెం

అంబాసిడర్ కారులో స్పీడు చూపే ముల్లు ఉండేది, పెట్రోలు చూపే ముల్లు ఉండేది. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చెప్పే ముల్లు మాత్రం లేదు. పాత ఫియట్‌లోనూ లేదు, టాటా లారీలోనూ లేదు. హైదరాబాద్, బెజవాడల మధ్య జీవితమంతా బండ్లు తోలిన డ్రైవర్లు ఎందరో ఆర్పీఎం అన్న మాట ఒక్కసారి పలకకుండానే స్టీరింగ్ వదిలేశారు. అయినా ప్రతి ఇంజనుకూ ఒక హద్దుంది, దానికి కాపలా కాసినవాళ్లూ ఉన్నారు. సూర్యాపేటలో లేతు, బోరింగు పని చేసి బతికినవాణ్ణి నేను. ఆ కాపలా తప్పిన ఇంజన్లే నా బల్ల మీదికి వచ్చేవి.

సూర్యాపేటకు, కోదాడకు ఇప్పటికీ రైలు స్టేషన్ లేదు. మిర్యాలగూడకైనా బీబీనగర్–నడికుడి లైను వచ్చింది 1980ల్లోనే. అందుకని మా దిక్కు చరిత్రంతా హైదరాబాద్ నుంచి బెజవాడ మీదుగా పోయే బందరు రోడ్డు మీదే నడిచింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. అదే చేతులు మారి 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. రోడ్డుకు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అని పేరొచ్చింది, 2010 తర్వాత అది 65 అయింది. మాకు మాత్రం ఎప్పుడూ హైవేనే.

అయితే చాలా ఊళ్లకు ఇంజన్‌ను పరిచయం చేసింది బస్సు కాదు, గిర్ని. పిండి పట్టే గిర్నిలో, వడ్లు ఆడించే మిల్లులో ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజన్ ఉండేది. ఇంగ్లండ్‌లో లిస్టర్ కంపెనీ తయారుచేసిన మోడల్‌ను చూసి రాజ్‌కోట్‌లో పోత పోసిన రకం. రెండు పెద్ద చక్రాలు, మధ్యలో హ్యాండిలు కొట్టి లేపే మనిషి. ఆరు గుర్రాల ఆ ఇంజన్ తిరిగేది నిమిషానికి 650 చుట్లే. దాని లోపల గవర్నరు అని ఒకటుంటుంది: తిరిగే కొద్దీ బయటికి విచ్చుకునే రెండు బరువులు. చుట్లు పెరిగితే అవి విచ్చుకుని నూనెను తగ్గిస్తాయి, చుట్లు పడిపోతే ముడుచుకుని నూనెను వదులుతాయి. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన ఏర్పాటే ఇది. ఇంగ్లండులో ఆవిరికి వేసిన కళ్లెం హుజూర్‌నగర్ పక్క పల్లెలో జొన్నపిండి దాకా వచ్చిందన్నమాట.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మళ్లు పచ్చబడ్డాయి. వడ్లు పండితే మిల్లులు రావాలి, మిల్లులు వస్తే లారీలు రావాలి, లారీలు వస్తే మెకానిక్‌లు రావాలి. మిర్యాలగూడలో మిల్లు మీద మిల్లు లేచింది అట్లాగే. కరెంటు వచ్చాక ఇంజన్ మూలకు పోయిందని అనుకునేరు, పోలేదు. కరెంటు కోతకు జనరేటరు కావాలి. అది 50 సైకిళ్ల కరెంటు ఇవ్వాలంటే ఇంజన్ సరిగ్గా 1500 చుట్ల దగ్గర నిలబడాలి. గవర్నరు స్ప్రింగు కొంచెం వదులైతే మిల్లులో బల్బులన్నీ ఊగేవి. చుట్లు ఎక్కువయ్యాయని చెవికంటే ముందు కంటికి తెలిసే ఇంజన్ అదొక్కటే.

లారీ సంగతి వేరు. టాటా వాళ్లు 1954లో మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. తర్వాత మేము రోజూ చూసిన ఇంజన్లు 692, 697. మొదటి అంకె సిలిండర్లు, తర్వాతి రెండు బోరు, అంటే సిలిండరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆరు సిలిండర్లు, 92 లేదా 97 బోరు. వాటి హద్దు దాదాపు 2800 చుట్లు. ఆ హద్దు కాపాడేది డ్రైవరు కాదు, డీజిల్ పంపు వెనకున్న గవర్నరు. బెంగళూరు మైకో పంపుకు గరిష్ఠ వేగం మర ఒకటి ఉంటుంది. దాని చుట్టూ సన్నటి తీగ, తీగ కొసన సీసపు సీలు. ఆ సీలు తెంపి మర కొంచెం తిప్పితే లారీ గంటకు పది, పదిహేను కిలోమీటర్లు ఎక్కువ పోతుంది. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు తెల్లవారకముందే చేరాలనే ఓనరుకు అదొక పెద్ద ఆశ.

మా ఉస్తాద్‌కు డీజిల్ పంపుల పని కూడా తెలుసు. పంపును బెంచి మీద బిగించి గాజు గొట్టాల్లో డీజిల్ కొలిచేవాడు. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు పంపు సగమే తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ 2800 అంటే బెంచి మీద పంపు 1400. అక్కడికి రాగానే ఆరు గాజు గొట్టాల్లోనూ ధార సన్నబడాలి. సన్నబడలేదంటే మర తిరిగిందన్నట్టే. ఆయన ఓనరు మొహం చూసేవాడు కాదు, సీలు చూసేవాడు. ‘ఇంకింత ఇప్పమంటడు. ఇప్పితే ఆర్నెల్లల్ల ఈడికే వస్తడు, నీ బోరింగు మిషన్ కాడికి,’ అని నాతో అనేవాడు. గిరాకీ వచ్చేదే కదా అని నేను నవ్వితే ఆయనకు కోపం వచ్చేది.

ఇంతకూ హద్దు ఎక్కడిది? ఇంజన్ ఎంత బలమైనదన్న దాన్నిబట్టి హద్దు రాదు, పిస్టన్ ఎంత దూరం పోయి రావాలన్న దాన్నిబట్టి వస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌లో పిస్టన్ నడిచే దూరం, అంటే స్ట్రోకు, 88.9 మిల్లీమీటర్లు. ఆ ఇంజన్‌కు 50 హార్స్‌పవర్ వచ్చేది 4200 చుట్ల దగ్గర. ఆ రేసులో పిస్టన్ సగటున సెకనుకు పన్నెండున్నర మీటర్లు పరుగెడుతుంది. ఫియట్‌లో స్ట్రోకు 75 మిల్లీమీటర్లు, 4800 చుట్లు వేసుకుంటే అక్కడా పన్నెండే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో 72 మిల్లీమీటర్లు, 5500 చుట్లు: పదమూడు. లారీలో పెద్ద పిస్టన్, 2800 చుట్లు: మళ్లీ పదకొండు పన్నెండు. గిర్ని ఇంజన్‌లో చూస్తే మూడే. గిర్ని ఇంజన్లు తాతల నుంచి మనవల దాకా ఎందుకు నడిచాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. మారుతి వచ్చిన కొత్తలో మా దగ్గర పెద్ద వాదన నడిచింది: చిన్న ఇంజన్, అంత కేక పెడుతుంటే ఎన్నాళ్లుంటుందని. కేక పెద్దదే కానీ పిస్టన్ పరుగు పెద్దగా మారలేదు. ప్రపంచంలో అన్నిటికంటే పైనున్న ఫార్ములా వన్ కార్లకు కూడా 2009లో 18,000 చుట్లని హద్దు గీశారు. అప్పటి ఆ ఇంజన్లలో స్ట్రోకు నలభై మిల్లీమీటర్లలోపే అయినా పిస్టన్ వేగం సెకనుకు ఇరవై నాలుగు మీటర్ల దాకా వెళ్లేది. వాళ్ల ఇంజన్లు కొన్ని రేసులకే ముసలివైపోతాయి. మన టాక్సీ ఇంజన్ లక్ష కిలోమీటర్లు పోవాలి.

హద్దు దాటితే మొదట దెబ్బ తగిలేది కనెక్టింగ్ రాడ్డుకు, దాని బోల్టులకు. పిస్టన్ పైకి పోయి ఆగి మళ్లీ కిందికి తిరగాలి. ఆ లాగుడు చుట్లతో సమానంగా పెరగదు, వర్గంతో పెరుగుతుంది. 4200 దగ్గర ఉండాల్సిన అంబాసిడర్‌ను 5000కు తీసుకుపోతే లాగుడు నలభై శాతం ఎక్కువ. పైగా నాలుగు సిలిండర్ల ఆ క్రాంకు కూర్చునేది మూడు మెయిన్ బేరింగుల మీదే. పైన వాల్వు స్ప్రింగులు అంత వేగాన్ని అందుకోలేవు, వాల్వు మూసుకునేలోపే మళ్లీ తెరిచే సమయం వస్తుంది.

హెడ్డు ఇప్పగానే తెలిసిపోయేది, ఇది రేసు దెబ్బనా, దుమ్ము దెబ్బనా అని. సిలిండరు పైఅంచు కింద బొటనవేలి గోరు పెట్టి లాగితే మెట్టు తగిలేది. రింగులు తిరిగే చోట అరిగి, తిరగని చోట అరగక ఏర్పడిన మెట్టు. అది దుమ్ము పని. మిర్యాలగూడ ఊక దుమ్ము, వాడపల్లి, మేళ్లచెరువుల సిమెంటు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో ఆయిల్ మార్చని ప్రతి బండినీ తిన్నాయి. దానికి బోరు కొట్టి ఇరవై, నలభై, అరవై థౌ పెద్ద పిస్టన్లు వేసేవాళ్లం, అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. రేసు దెబ్బ అలా ఉండదు. బోరు నున్నగానే ఉంటుంది, కిందికి పోయి బేరింగు షెల్లు తీస్తే బూడిదరంగు పొర లేచిపోయి రాగి కనబడుతుంది. మరీ ముదిరితే రాడ్డు తెగి బ్లాకులోంచి బయటికొస్తుంది. అప్పుడిక నేను చేసేదేమీ లేదు.

జనం అనుకునేదేమంటే ఎక్సలేటర్ తొక్కితేనే ఇంజన్ పోతుందని. నేను చూసినవాటిలో చాలా ఇంజన్లు గేరు దగ్గర పోయాయి. ఒక టాక్సీ అంబాసిడర్ మాకు తాడు కట్టి లాక్కొచ్చారు. లారీని దాటబోతూ టాప్‌లోంచి మూడో గేరు వేయబోతే అరిగిన గేరు రాడ్డు రెండోలో పడింది. టాప్‌లో మూడు వేల దగ్గరున్న ఇంజన్ రెండో గేరులో ఆరు వేలు దాటుతుంది, కాలు ఎక్సలేటర్ మీద లేకపోయినా సరే. వాల్వులను తోసే పుష్‌రాడ్లు వంగిపోయాయి. డీజిల్ లారీదీ అదే కథ. బియ్యం లోడుతో నల్లమల ఘాట్ దిగేటప్పుడు గవర్నరు డీజిల్ మొత్తం ఆపేసినా, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటే అదేం చేస్తుంది? ఎక్కిన గేరులోనే దిగమని పెద్దలు చెప్పింది బ్రేకుల కోసమే కాదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్ల గురించి ఇక్కడ రాయను. ఆ కోపం వేరే వ్యాసానికి సరిపోతుంది.

2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ కార్లు, ఆ తర్వాత కామన్ రైల్ డీజిల్ వచ్చాయి. హద్దు కంప్యూటరులోకి పోయింది, చుట్లు మించితే ఇంధనం దానంతటదే ఆగుతుంది. సీసపు సీలు, గాజు గొట్టాలు, పంపు బెంచీలు మూలబడ్డాయి. 2012 చివరికి హైవే నాలుగు వరసలైంది. నా లెక్కలో ఇంజన్లకు గవర్నరుకంటే ఎక్కువ మేలు చేసింది ఆ రోడ్డే. అంతకుముందు సూర్యాపేట నుంచి కోదాడ చేరేలోపు ప్రతి లారీనీ దాటడానికి గేరు తగ్గించి రేసు ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు టాప్‌లో వేస్తే ఒకే చుట్ల మీద పోతుంది. 2015లో రవాణా బండ్లకు గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నరు తప్పనిసరి చేశారు. చాలామంది దీన్నీ పాత గవర్నరునూ ఒకటే అనుకుంటారు. ఇది చక్రాల వేగాన్ని ఆపుతుంది, రెండో గేరులో ఇంజన్ కేకలు పెడుతుంటే దానికి పట్టదు. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. మా షాపులో బోరింగు మిషన్ అంతకుముందే ఖాళీగా ఉండటం మొదలైంది.

ఈ చరిత్ర ఏ గెజిటీర్‌లోనూ లేదు. ఉన్నదల్లా గ్యారేజీల బిల్లు బుక్కుల్లో: బండి నంబరు, ఇంజన్ నంబరు, బోరు ఎంత, క్రాంకు ఎంత, తేదీ. మా నల్గొండ జిల్లా ఏపీ 24 నంబర్లకంటే ముందు కాలం బండ్లు కూడా వాటిలో ఉన్నాయి. ఏ కాలంలో ఏ బండి ఈ రోడ్డు మీద ఎంత అరిగిందో చెప్పే కాగితం మరొకటి లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మీ నాన్నో తాతో గ్యారేజీ, లేతు షాపు, గిర్ని నడిపి ఉంటే అటక మీద ఒకసారి వెతకండి. ఆ బుక్కులు, పంపు కాలిబ్రేషన్ కాగితాలు దొరికితే తుక్కువాడికి వేయకండి. ముందు పేజీ పేజీ ఫోనులో ఫొటో తీసి పెట్టండి. గ్రీజు మరకలున్నవైతే ఇంకా త్వరగా తీయండి, ఆ సిరా ఎక్కువ కాలం నిలవదు.