ఎవరి ఫొటో?

మా అత్తమ్మది వనపర్తి. మొన్నామధ్య నాగర్‌కర్నూలులో ఉన్న మనవడికి ఆపరేషను అన్నారు. దూరాన ఉన్న ముసలావిడ ఏం చేస్తుంది? ఎవరో చెప్పగా ప్రార్థనల యాప్ ఒకటి ఫోనులో పెట్టించుకుంది. అది "ఫొటో జతచేయండి" అంది. అంతే, మరొక్క ముక్క లేదు.

"ఎవరి ఫొటో బిడ్డా? అమ్మవారిదా, పిల్లగానిదా?" అని నాకు ఫోను. నేనేదో హడావుడిలో ఉండి, "ఏదో ఒకటి పెట్టండి అత్తమ్మా" అనేశాను.

ఆవిడ పూజగదిలోని జోగులాంబ పటాన్ని పెట్టింది. "ముఖం స్పష్టంగా లేదు, మళ్లీ ప్రయత్నించండి" అని వచ్చింది. రెండోసారీ అదే మాట. రేపు ఆపరేషను అనగా అమ్మవారి ముఖమే కనబడలేదంటే అంతకన్నా అపశకునం ఏముంటుంది? ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. ఆ పాపంలో నాకూ సగం వాటా ఉంది.

నిజానికి దేవుడి ముఖం ఇంత దగ్గరగా చూడటం మనకు అలవాటై ఎన్నాళ్లయిందని? 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుకూటం పెట్టి, లక్ష్మినీ సరస్వతినీ రంగుల్లో అచ్చువేయించాక గదా పటాలు ఇంటింటికీ చేరాయి! అంతకుముందు చాలామందికి హారతి వెలుగులో లిప్తపాటు దర్శనమే. గుడి గడప తొక్కనివ్వని వాళ్లకు అదీ లేదు.

జోగులాంబ కథ మరీ విచిత్రం. ఆలంపురంలో తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మల గుళ్లు నిలిచాయి గాని, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన అమ్మవారి గుడి పద్నాలుగో శతాబ్దం చివర నేలమట్టమైంది. విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరుడి గుడికి చేర్చారు. మళ్లీ సొంత గుడి కట్టింది 2005లో. ఆరు వందల ఏళ్లు పరాయి పంచన తలదాచుకున్న తల్లి! జుట్టులో తేలూ, కప్పా, బల్లీ ఉన్న ఆ ఉగ్రరూపాన్ని పాపం ఆ యాప్ ఏమని పోల్చుకుంటుంది?

దానికి కావలసింది పిల్లవాడి ఫొటో. "ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో వారి ఫొటో పెట్టండి, లేకపోయినా ఫరవాలేదు" అని ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది? మన పూజారులు ఏ చదువూ లేకుండానే ఈ పని చేస్తారు. (చదువు లేకుండా అంటే కంప్యూటరు చదువు అని నా భావం, కోప్పడకండి.) గోత్రం, నక్షత్రం, పేరు వరుసగా అడుగుతారు. గోత్రం తెలియదంటే కసురుకోరు, కాశ్యప గోత్రమని వాళ్లే అందుకుంటారు.

ఆపరేషను చల్లగా జరిగింది. తర్వాత అత్తమ్మను ఆలంపురం తీసుకువెళ్లాను. మనవడి పాస్‌పోర్టు ఫొటో కొంగున ముడివేసుకుని వచ్చింది. పూజారి దాని వైపు చూడనైనా చూడలేదు.

"ఎవరి పేరు మీదమ్మా?" అన్నాడు.

ఆవిడ ఒక్క గుక్కలో చెప్పేసింది.