హనోయా? సైగానా? – ఒక చరిత్ర పిచ్చోడి సలహా

మన ఐటీ జనాల్లో గోవా, బ్యాంకాక్, బాలీ అయిపోయాయి, ఇప్పుడు వియత్నాం వంతు వచ్చినట్టుంది. టీములో ఎవరో ఒకరు వెళ్ళొస్తూనే ఉన్నారు. వెళ్ళబోయేవాళ్ళ ప్రశ్న మాత్రం ఒక్కటే: "లీవు అయిదు రోజులే దొరికింది బాసూ, హనోయ్ వెళ్ళనా, హోచిమిన్ సిటీ వెళ్ళనా?" న్యాయమైన ప్రశ్నే. రెండు ఊళ్ళ మధ్య రైలు దారి 1,726 కిలోమీటర్లు. విమానంలో రెండు గంటలే, కానీ ఎయిర్‌పోర్టు తతంగమంతా కలుపుకుంటే ఒక రోజు గంగలో కలిసినట్టే.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది. చరిత్ర కావాలంటే హనోయ్, షాపింగూ రాత్రి హడావుడీ కావాలంటే సైగాన్ (హోచిమిన్ సిటీ పాత పేరు, ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ వాడే పేరు). నా పేచీ అంతా ఈ జవాబుతోనే. చరిత్ర కోసమే వెళ్తుంటే, అందులోనూ మనం భారతీయులం కాబట్టి, ముందు చూడాల్సింది సైగానే అని నా వాదన.

ముందు హనోయ్‌కి దక్కాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. 1010లో లీ థాయ్ తో అనే రాజు రాజధానిని ఇక్కడికి మార్చి, థాంగ్ లాంగ్, అంటే పైకి ఎగిసే డ్రాగన్, అని పేరు పెట్టాడు. హనోయ్ అన్న పేరు 1831లో వచ్చింది. 1070లో కట్టిన సాహిత్య మందిరంలో 82 రాతి ఫలకాలున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో రాతి తాబేలు వీపు మీద. 1442 నుంచి 1779 దాకా రాజుగారి పరీక్షలు పాసైనవాళ్ళ పేర్లు వాటి మీద చెక్కారు. ర్యాంకు వస్తే పేపర్లో ఫొటో పడే మన సంప్రదాయానికి వీళ్ళు తాతలన్నమాట. 1945 సెప్టెంబర్ 2న హో చి మిన్ స్వాతంత్ర్యం ప్రకటించిన బా దిన్ మైదానం ఇక్కడే ఉంది. ఆయన భౌతిక కాయాన్ని పెట్టిన సమాధి భవనం కూడా అక్కడే. తనని దహనం చేసి, బూడిదని దేశం ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలకి పంచమని ఆయన వీలునామాలో రాసుకున్నాడు. పార్టీ మాత్రం 1975లో పెద్ద రాతి భవనం కట్టి జనానికి దర్శనం ఏర్పాటు చేసింది. గొప్ప నాయకుల చివరి కోరికలకి ఎక్కడైనా అదే గతి.

హనోయ్‌లో చరిత్రని చక్కగా సర్ది పెట్టారు. నాకు కాస్త అసంతృప్తి కలిగేదీ అక్కడే. ఫ్రెంచివాళ్ళు కట్టిన హోవా లో జైలునే తీసుకోండి. ఫ్రెంచివాళ్ళు అక్కడ పెట్టిన చిత్రహింసల గురించి గదులకి గదులే ఉన్నాయి. తర్వాత అదే జైల్లో ఉన్న అమెరికన్ పైలట్ల దగ్గరికొచ్చేసరికి వాళ్ళు ఆటలాడుకుంటున్న ఫొటోలు, క్రిస్మస్ చేసుకుంటున్న ఫొటోలు. 1967లో విమానం కూలి పట్టుబడిన జాన్ మెకెయిన్ తనని అక్కడ ఎలా కొట్టారో జీవితమంతా చెబుతూనే ఉన్నాడు. ఎవరు గోడలకి సున్నం కొడితే వాళ్ళ కథే గోడల మీద ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే హనోయ్ డాక్యుమెంటేషన్ బ్రహ్మాండంగా ఉన్న ప్రాజెక్టు. సైగాన్ కామెంట్లు తీసేసిన పాత కోడు, లైను లైనూ మనమే చదువుకోవాలి.

ఆ చదవడం పేర్లతో మొదలుపెడదాం. ఇది మొదట ప్రే నొకోర్ అనే ఖ్మేరు రేవు. 1698లో వియత్నాం పాలకులు తమ అధికారిని పంపి ఇక్కడ పాలన ఏర్పరిచారు. 1859లో ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు. 1955 నుంచి 1975 దాకా దక్షిణ వియత్నాం రాజధాని. 1976లో హోచిమిన్ సిటీ అయింది. ఎయిర్‌పోర్టు కోడు మాత్రం ఇప్పటికీ ఎస్‌జీఎన్, సైగాన్‌లోని అక్షరాలే. ప్రొడక్షన్‌లో వేరియబుల్ పేరు మార్చడం ఎంత కష్టమో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా.

ఊరి నడిబొడ్డున ఒక వీధి ఉంది. ఫ్రెంచివాళ్ళ కాలంలో కాటినా వీధి. దక్షిణ వియత్నాం వచ్చాక తు జో, అంటే స్వేచ్ఛ. 1975 తర్వాత డోంగ్ ఖోయ్, అంటే తిరుగుబాటు. న్యాయం అనే పేరున్న ఇంకో పెద్ద వీధికి కూడా ఒక తిరుగుబాటు పేరే పెట్టారు. తిరుగుబాట్లు వచ్చాయి, న్యాయమూ స్వేచ్ఛా పోయాయి అని సైగాన్ జనం గుట్టుగా చెప్పుకుని నవ్వుకునే జోకు ఇక్కణ్ణించే పుట్టింది. ఏ మ్యూజియంలోనూ పెట్టని చరిత్ర ఇది.

ఇక మ్యూజియం పేరే మారిన వైనం చూడండి. 1975 సెప్టెంబర్లో తెరిచినప్పుడు దాని పేరు అమెరికా, తొత్తు ప్రభుత్వాల నేరాల ప్రదర్శనశాల. 1990లో 'అమెరికా', 'తొత్తు' రెండూ ఎగిరిపోయి యుద్ధ, దురాక్రమణ నేరాల ప్రదర్శనశాల అయింది. 1995లో అమెరికాతో దౌత్య సంబంధాలు కుదిరాక యుద్ధ అవశేషాల మ్యూజియం అయి కూర్చుంది. లోపల ఏజెంట్ ఆరెంజ్ బాధితుల ఫొటోలు చూసి బయటికొచ్చాక అన్నం సహించదు, ముందే చెబుతున్నాను. అదీ ఒక వైపు కథే, ఒప్పుకుంటాను. కానీ పేరు మెత్తబడ్డ తీరులోనే ఇరవయ్యేళ్ళ దౌత్య చరిత్ర ఉంది. పేర్ల రాజకీయం మనకి కొత్తేం కాదు లెండి. కలకత్తాలో అమెరికా కాన్సులేటు ఉన్న హారింగ్టన్ వీధికి హో చి మిన్ సరణి అని పేరు మార్చి, అమెరికావాళ్ళు తమ ఉత్తరాల మీద ఆ పేరు రాసుకునేట్టు చేసిన ఘనులం మనం.

అక్కడికి దగ్గర్లోనే దక్షిణ వియత్నాం అధ్యక్ష భవనం ఉంది. 1962లో సొంత వాయుసేన పైలట్లిద్దరు పాత భవనం మీద బాంబులేస్తే, అధ్యక్షుడు న్గో దిన్ దియెం దాన్ని కూలగొట్టించి కొత్తది మొదలుపెట్టాడు. అది 1966లో పూర్తయింది. ఆయన 1963 నవంబర్లోనే సొంత సైన్యం చేతుల్లో పోయాడు. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు వచ్చింది ఈ గేటు దగ్గరికే. 843 నంబరు ట్యాంకు పక్క గేటు దగ్గర ఇరుక్కుపోయింది. 390 నంబరు ట్యాంకు మెయిన్ గేటు కూల్చుకుని లోపలికి పోయింది. 843 కమాండర్ దిగి పరిగెత్తుకెళ్ళి పైన జెండా ఎగరేశాడు. దాంతో గేటు పగలగొట్టిన ఖ్యాతి కూడా చాలా ఏళ్ళు 843 ఖాతాలోనే ఉండిపోయింది. ఆ రోజు అక్కడున్న ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఫ్రాన్స్వాజ్ దెమ్యూల్దెర్ తీసిన ఫొటో 1990లలో బయటికొచ్చాక గానీ 390కి న్యాయం జరగలేదు. గెలిచినవాళ్ళ చరిత్రలోనే, అంతమంది చూస్తుండగా జరిగిన విషయంలోనే ఇంత తేడా వస్తే, ఓడినవాళ్ళ సంగతి ఎవరు సరిచేస్తారు?

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ భవనం ఆవరణలో ఇప్పుడు కనిపించే రెండు ట్యాంకులూ అసలువి కావు, అదే రకంవి తెచ్చి అవే నంబర్లు వేసి నిలబెట్టారు. అసలువి రెండూ హనోయ్ మ్యూజియంలలో ఉన్నాయి. సంఘటన సైగాన్‌ది, సాక్ష్యం హనోయ్‌ది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. వియత్నాంతో మన సంబంధం అనగానే చాలామందికి గుర్తొచ్చేది నెహ్రూ. 1954లో జెనీవా ఒప్పందం దేశాన్ని రెండు ముక్కలు చేసింది. ఆ ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ కమిషన్‌కి ఇండియా అధ్యక్షత, కెనడా, పోలండ్ సభ్యులు. అక్టోబర్ 10న హో చి మిన్ సైన్యం హనోయ్‌ని చేతిలోకి తీసుకుంటే, వారం తిరక్కుండా, 17న, నెహ్రూ అక్కడ దిగాడు. గర్వంగా చెప్పుకోదగ్గ కథే. అది హనోయ్ కథ.

సైగాన్ కథ మాత్రం మనం చెప్పుకోం. 1945 ఆగస్టు 17న సుభాష్ చంద్రబోస్ తన ఆఖరి విమానం ఎక్కింది సైగాన్‌లోనే. సరిగ్గా నెల తిరక్కుండా, సెప్టెంబర్లో, అదే ఊళ్ళో ఇంకో భారతీయ సైన్యం దిగింది. బ్రిటిషిండియా 20వ డివిజన్, జనరల్ గ్రేసీ నాయకత్వంలో. పేరుకి పని, లొంగిపోయిన జపాను సైనికుల దగ్గర ఆయుధాలు తీసుకోవడం. జరిగింది వేరు. గ్రేసీ మార్షల్ లా పెట్టాడు, ఫ్రెంచి ఖైదీలని విడిపించి ఆయుధాలిచ్చాడు, సెప్టెంబర్ 23న వాళ్ళు సైగాన్‌ని మళ్ళీ చేజిక్కించుకున్నారు. ఎదురుతిరిగిన వియత్నామీయుల మీద కాల్పులు జరిపినవాళ్ళలో మన గూర్ఖాలు, మన సిపాయిలు ఉన్నారు. వాళ్ళ పక్కన నిలబడి కాల్చినవాళ్ళలో నిన్నటిదాకా శత్రువులైన జపాను సైనికులు కూడా! నెహ్రూ దీన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. కానీ అప్పటికి ఆజ్ఞలిచ్చేది ఆయన కాదు. 1946 మొదట్లో ఫ్రెంచివాళ్ళకి అప్పజెప్పి మనవాళ్ళు తిరిగొచ్చేశారు. ముప్ఫయ్యేళ్ళ యుద్ధానికి మొదటి తూటాలు పేలినచోట మన యూనిఫాం ఉంది. మన స్కూలు పుస్తకాల్లో నేను చదివిన గుర్తు లేదు, మీకుందా?

ఓడినవాళ్ళ జ్ఞాపకం కూడా ఈ ఊరి చుట్టుపక్కలే ఉంది. దక్షిణ వియత్నాం సైనికుల సమాధులు వేలల్లో ఉన్న బియెన్ హోవా శ్మశానం చాలా ఏళ్ళు మిలిటరీ కాపలాలో ఉంది. 2006లో దాన్ని పౌర అధికారులకిచ్చి పేరు మార్చారు (ఇక్కడా పేరే!). 1975 తర్వాత ఇరవయ్యేళ్ళలో పడవలెక్కి పారిపోయి ఏదో ఒక తీరం చేరినవాళ్ళు దాదాపు 8 లక్షల మంది. సముద్రంలో పోయినవాళ్ళ లెక్క ఎవరికీ తెలీదు. వాళ్ళకి సైగాన్‌లో మ్యూజియం లేదు, వాళ్ళ మ్యూజియంలు కాలిఫోర్నియాలో, కెనడాలో వెతుక్కోవాలి.

అయితే ఓడిన ఊరు ఊరికే కూర్చోలేదు. యుద్ధం అయ్యాక హనోయ్ పంపిన రేషను లెక్కలతో సైగాన్‌కి బియ్యం కరువొస్తే, అక్కడి పార్టీవాళ్ళే రూల్సు పక్కనపెట్టి మెకాంగ్ రైతుల దగ్గర మార్కెట్టు ధరకి బియ్యం కొనిపించారు. దీన్ని వాళ్ళు 'కంచె తెంచడం' అన్నారు. 1986లో దేశమంతా డోయ్ మోయ్ సంస్కరణలు మొదలైనప్పుడు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన న్గుయెన్ వాన్ లిన్ అంతకుముందు సైగాన్ పార్టీని నడిపినవాడే. ఇవాళ హనోయ్‌లో మనం చూసే అంగళ్ళ కళకళకి మూలం ఈ దక్షిణాది కంచె తెంచుడే. యుద్ధం హనోయ్ గెలిచింది, బతకడం మాత్రం సైగాన్ దగ్గర నేర్చుకుంది.

నా వాదనకి ఒక్క చిక్కుంది, దాచను. ఆగ్నేయాసియాలో దొరికిన అతి పాత సంస్కృత శాసనాల్లో ఒకటైన వో కాన్ శిల హనోయ్ చరిత్ర మ్యూజియంలో ఉంది. దొరికింది దక్షిణాన న్యాచాంగ్ దగ్గర. లిపి మన తెలుగు లిపికి కూడా మూలమైన దక్షిణాది బ్రాహ్మీ కుటుంబానిది. అది చూడాలంటే హనోయ్ వెళ్ళక తప్పదు. రాజధాని ఎక్కడుంటే రాళ్ళూ అక్కడికే పోతాయి మరి.

కాబట్టి నా సలహా ఇది. పది రోజులుంటే రెండూ చూడండి, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్ళండి. అయిదు రోజులే ఉంటే సైగాన్. ఒక పూట అధ్యక్ష భవనం, ఇంకో పూట యుద్ధ మ్యూజియం, ఒక రోజు కు చి సొరంగాలు. బెన్ థాన్ మార్కెట్ దగ్గర తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి ఉంది, అక్కడ అగరొత్తులు వెలిగించేవాళ్ళలో ఎక్కువమంది వియత్నామీయులే. అదీ చూడండి. డోంగ్ ఖోయ్ వీధిలో నడిచేటప్పుడు పాత పేరు ఒకసారి గుర్తు చేసుకోండి, 1945లో ఆ ఊళ్ళో కవాతు చేసిన మనవాళ్ళని కూడా. హనోయ్‌లో మనం నెహ్రూ వారసులం. సైగాన్‌లో గ్రేసీ సిపాయిల వారసులం కూడా. రెండోది గుర్తుచేసే బోర్డు అక్కడ ఎవరూ పెట్టరు, మనమే తెలుసుకుని వెళ్ళాలి.