నరం తెగినా అందిన కబురు

1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో జరిగిన ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

పొట్ట వెనకాల ఒదిగి ఉండే క్లోమం గురించి గ్రీకు వైద్యుల తర్వాత శతాబ్దాల పాటు చెప్పుకోదగ్గ సంగతేమీ లేదు. 1642లో పాదువాలో విర్సుంగ్ దాని నాళాన్ని కనిపెట్టాడు. 1664 నాటికి డచ్ వైద్యుడు డి గ్రాఫ్ కుక్క క్లోమం నుంచి రసం పట్టి చూపాడు. మరి పేగులోకి తిండి దిగిందని క్లోమానికి చెప్పేదెవరు? నరాలేనన్నాడు రష్యాలో పావ్లోవ్. ఆయన మాటకు ఎదురు లేదు.

లండన్‌లో ఆ ప్రయోగం చేసిన బేలిస్, స్టార్లింగ్ బావా బావమరుదులు. మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు రెండు వైపులా ముడి వేసి, దాని నరాలన్నీ తెంచేశారు. రక్తనాళాలను మాత్రం ఉంచారు. అందులో ఆమ్లం పోశారు. పెత్తనం నరాలదే అయితే క్లోమం ఉలకకూడదు. కానీ రసం ఎప్పటిలాగే చుక్కలు చుక్కలుగా రాలింది! ఇది రసాయనం పనే అయి ఉండాలని స్టార్లింగ్ అప్పటికప్పుడు పేగు లోపలి పొర గీకి, ఇసుకా ఆమ్లమూ వేసి నూరి, వడకట్టి, కుక్క మెడ సిరలోకి ఎక్కించాడు. కొద్ది క్షణాల్లో రసం ముందుకన్నా జోరుగా వచ్చింది. పక్కనే ఉండి చూసిన చార్లెస్ మార్టిన్ ఆ మధ్యాహ్నం ఎంత గొప్పదో తర్వాత రాసిపెట్టాడు. ఒక మూగజీవి ఒంటి మీద నేర్చుకున్న చదువిది. ఆ జీవిని మరిచి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు.

ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి వాటన్నిటినీ 1905లో స్టార్లింగ్ ‘హార్మోన్’ అన్నాడు. ఇవాళ మన ఇళ్లలో థైరాయిడ్ రిపోర్టు చూస్తూ అనే మాట అదే. పావ్లోవ్ తన ప్రయోగశాలలో ఆ ప్రయోగం మళ్లీ చేయించి, వాళ్లు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మీద నాకెంతో గౌరవం.

ఆ తర్వాత కథ చిక్కుపడింది. సెక్రెటిన్ తెప్పించేది ముఖ్యంగా నీరూ క్షారమే. ఎంజైములను రప్పించే పాంక్రియోజైమిన్ 1943లో దొరికింది. పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేసేదిగా 1928లో బయటపడ్డ కోలిసిస్టోకైనిన్, ఇదీ ఒకటేనని 1960లలో స్టాక్‌హోంలో తేలింది. సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ అయితే ఈ స్రావాలను అణిచేస్తుంది. పైగా కోలిసిస్టోకైనిన్ మనుషుల్లో చాలావరకు వేగస్ నరం ద్వారానే పని చేయిస్తుందట. పావ్లోవ్ నరాలు మళ్లీ వచ్చి కూర్చున్నాయి!

సెక్రెటిన్‌ను ఇప్పుడు స్కానింగ్ గదిలోనూ వాడతారు. ఇంజెక్షన్ ఇస్తే క్లోమం రసం వదులుతుంది. విర్సుంగ్ చూసిన ఆ నాళమే నిండి, తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది.