మైకు సాయిబు ట్రంకుపెట్టె

మా పక్కింటి కుర్రాడికి గిటారు పిచ్చి. మొన్న ఎక్కణ్ణుంచో ఒక పాత వాల్వు ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చాడు. ఇద్దరు పట్టుకుంటేగాని కదలని పెట్టె అది. మైపాడు సముద్రం ఒడ్డున ఏదో కార్యక్రమంలో వాయించాలట. దాన్ని మా వసారాలో దించి, చెమట తుడుచుకుంటూ, "తాతయ్యా, మధ్యలో ఇది ఆగిపోతే ఏం జేసేది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు నచ్చింది. "ఆగదులే" అనుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ. "ఆగితే?" అని ముందుగా అనుకున్నవాడు అప్పుడే సగం పనివాడైనట్టు. పైగా ఆ ప్రశ్నకు జవాబు నేను ఏనాడో, అదే మైపాడు దారిలో, ఒక ట్రంకుపెట్టెలో చూసి ఉన్నాను. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

వెనకటి నాటకాలవాళ్ళకి ఈ బెంగే లేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో సురభి నాటకాలు మొదలయ్యేనాటికి మైకన్న మాటే పుట్టలేదు. పద్యం ఎత్తుకుంటే ఆఖరు వరసలో గోనెపట్టా మీద కూర్చున్న ముసలమ్మకి కూడా వినపడాలి. వినపడకపోతే వాడు నటుడే కాదు. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్ అంటే గొంతే. జలుబు చేస్తేనే అది చెడిపోయేది. దానికి రిపేరు మిరియాల కషాయం.

తరవాత వాల్వు వచ్చింది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు రెండు కొసల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు మధ్యలో మూడో తీగ చొప్పించాడు. ఆ మూడో తీగలోనే ఉంది కిటుకంతా. గాలి తీసేసిన గాజుబుడ్డిలో కాలే తీగ ఒకటి, దాన్నుంచి వచ్చే విద్యుత్తును అందుకునే రేకు ఒకటి. మధ్య తీగకి చీమంత సంకేతం ఇస్తే, ఆ రేకులో ఏనుగంత అలజడి పుడుతుంది. 1915లో కాలిఫోర్నియాలో ప్రిథం, జెన్సన్ అనే ఇద్దరు లౌడుస్పీకరును జనం ముందు పెట్టారు. అక్కణ్ణుంచి మన తిరునాళ్ళ కొబ్బరిచెట్టు మీదికి హారన్ ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మైకు వచ్చాక పద్యనాటకానికి ఒక వైభోగం, ఒక ప్రమాదం రెండూ వచ్చాయి. వైభోగం ఏమిటంటే, సన్నని గొంతువాడు కూడా శ్రీకృష్ణుడు వేయొచ్చు. ప్రమాదం కూడా అదే! ఉన్నది ఒక్క మైకు. కృష్ణుడు దాని ముందునుంచి కదలడు. అర్జునుడు భుజంతో తోస్తాడు. దుర్యోధనుడు గద అడ్డం పెట్టి వస్తాడు. కురుక్షేత్రం అక్కడే అయిపోయేది.

మా ప్రాంతంలో మైకు అంటే ఒకే మనిషి. అందరం మైకు సాయిబు అనేవాళ్ళం. సవక తోపుల మధ్య ఇసకదారిన ఎద్దుబండి మీద వచ్చేవాడు. బండిలో హారన్లు, ఆంప్లిఫయర్, గ్రామఫోను రికార్డుల పెట్టె, వీటన్నిటికంటే భద్రంగా గడ్డిలో కూర్చోబెట్టిన ఒక పాత ట్రంకుపెట్టె. స్కూలు సెలవుల్లో ఆయన వెంట తిరగడం నాకు సినిమా కంటే ఎక్కువ.

ఒకసారి ఉండబట్టలేక, "అది తెరవనే తెరవవు గదా, ఎందుకు సాయిబన్నా ఊరూరూ మోస్తావు?" అన్నాను.

"తెరవని రోజు దానికి పండగ అబ్బయా" అన్నాడు. అని, తెరిచి చూపించాడు.

దూదిలో చుట్టిన వాల్వులు, పసిపిల్లల్లా. రెండు పెద్దవి జంటగా, ఒకటి చిన్నది, కరెంటును దారికి తెచ్చే వాల్వు ఇంకొకటి. ఫ్యూజులు. గరుకు కాయితం. పంటి బ్రష్షు. పొయ్యిలో కాల్చి వాడే సాల్డరు కడ్డీ. టార్చిలైటు. పాత పంచెముక్క. చెవిలో పెట్టుకునే పెన్సిలు. ఇవన్నీ ఎందుకో చెప్పించుకున్నాను.

సముద్రపు ఒడ్డున వాల్వుకి మొదటి శత్రువు ఉప్పుగాలి. వాల్వు కాళ్ళకి, అవి దిగే గుంటలకి పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు గరగర, పెళపెళ. గరుకు కాయితం, బ్రష్షు అందుకు. పెళపెళ ఏ వాల్వులో ఉందో తెలియకపోతే పెన్సిలు వెనక భాగంతో ఒక్కొక్క వాల్వునీ మెల్లిగా తట్టాలి. దొంగ ఎవడో వాడే పలుకుతాడు.

పెద్ద వాల్వులు జంటగా ఎందుకు? రంపపు కోత చూశారు గదా, పైన ఒకడు, కింద ఒకడు. ఒకడు లాగితే ఒకడు వదలాలి. ఈ రెండు వాల్వులదీ అదే పని. ఒకటి చచ్చిందంటే రెండోదాని నెత్తిన మోపెడు బరువు పడుతుంది. అందుకని మార్చాల్సి వస్తే రెండూ మార్చడమే మేలు. ఎద్దుల జతలాగా వాటికీ ఈడూజోడూ ఉండాలి. 1954లో బెంగుళూరులో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో మన దేశంలోనే వాల్వులు చేయడం చేపట్టింది. అయినా అర్ధరాత్రి మైపాడు ఇసకలో నిలబడ్డవాడికి బెంగుళూరు ఎంత దూరమో ట్రంకుపెట్టెకే తెలుసు.

ఫ్యూజు సంగతి అన్నిటికంటే గట్టిగా చెప్పాడు. "ఒకసారి పోతే మార్చు. వెంటనే రెండోసారి పోయిందా, అది నీకేదో చెబుతా ఉండాది, విను. లావు తీగ చుట్టి దాని నోరు మూయొద్దు." స్పీకరు తగిలించకుండా ఆంప్లిఫయర్ నడిపితే లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలుతుందనీ, ప్లగ్గు పీకినా కండెన్సర్లలో మనిషిని చంపేటంత కరెంటు నిలిచి ఉంటుందనీ, తెలియనివాడు ఆ పెట్టెలో చెయ్యి పెట్టకూడదనీ చెప్పాడు. మరి పంచెముక్క? కాలుతున్న వాల్వును పట్టి తీయడానికి. ఆ గాజు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది.

ఇవన్నీ విన్నాను గాని, అసలు పాఠం ఇంకో రాత్రి నేర్చుకున్నాను.

ఒక పట్టపుపాలెంలో అమ్మవారి తిరునాళ్ళ. హరిశ్చంద్ర నాటకం. నాటకాలవాళ్ళకి సగం డబ్బు ముందు, సగం తెల్లారాక. మధ్యలో ఆగిందంటే ఆ రెండో సగం సముద్రంలో కలిసినట్టే. పక్క పాలెంవాళ్ళు కూడా బేరం మానుకుంటారు. ఇరవైమంది కుటుంబాల కూడు ఆ ఒక్క పెట్టెను నమ్ముకుని ఉంది. మైకు సాయిబునైతే కొబ్బరిచెట్టుకు కట్టేస్తామని పిల్లకాయలు ముందే ఎగతాళి చేస్తున్నారు.

కాటి సీను వచ్చింది. హరిశ్చంద్రుడు వేసినవాడు కుర్రవాడు. రాగం బాగుంటుంది, గొంతు చిన్నది. కర్ర భుజాన వేసుకుని పద్యం ఎత్తుకున్నాడు. సరిగ్గా రాగం పైకి పోతుండగా హారన్లు గుయ్యిమన్నాయి, ఆపైన నిశ్శబ్దం. సముద్రం హోరు తప్ప మరేమీ లేదు. కుర్రవాడి పెదాలు కదులుతున్నాయి. రెండో వరసకే వినపడటం లేదు. ఈలలు మొదలయ్యాయి. ఎవడో గుప్పెడు ఇసక విసిరాడు కూడా.

నేను సాయిబు వైపు చూశాను. ఆయన కంగారు పడలేదు. టార్చిలైటు రెండుసార్లు వెలిగించి ఆర్పాడు, అంతే. ఆర్పి, ట్రంకుపెట్టె మూత తీశాడు.

అంతలో తెరపక్కనుంచి నక్షత్రకుడు ప్రత్యక్షమయ్యాడు! కాటి సీనులో నక్షత్రకుడికి ఏం పని? వాడి వేషం ఎప్పుడో అయిపోయింది. అరవై దాటిన ముసలాయన, మైకు లేని కాలంలో తయారైన గొంతు. "హరిశ్చంద్రా! మా గురువుగారి బాకీ తీర్చావు సరే, ఈ మైకు బాకీ ఎవడు తీరుస్తాడయ్యా?" అని ఒక్క కేక వేశాడు. ఒడ్డున పడుకున్న పడవల దాకా వినపడింది. జనం గొల్లుమన్నారు. ఇక ఆయన వదల్లేదు. హార్మోనియం అందుకుంది. ఒక పద్యం, దాని వెనక ఒక చమత్కారం, ఇంకొక పద్యం. ఈలలు ఆగిపోయి "వన్స్ మోర్" మొదలైంది.

ఇక్కడ సాయిబు ఫ్యూజు మార్చాడు, మళ్ళీ పోయింది. తల ఆడించి, పంచెముక్కతో పెద్ద వాల్వులు రెండూ తీసి, కొత్త జత దించి, ఇంకో ఫ్యూజు వేశాడు. గాజులో తీగలు మెల్లిగా ఎర్రబడ్డాయి. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు. మళ్ళీ టార్చి రెండుసార్లు వెలిగింది. నక్షత్రకుడు హరిశ్చంద్రుడికి దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. పద్యం ఆగినచోటే మొదలైంది.

తెల్లారి బండెక్కుతూ అడిగాను, "ఆ తాత సమయానికి భలే వచ్చాడే?" అని.

సాయిబు నవ్వాడు. "సమయానికి రావడమేంది అబ్బయా? ప్రతి ఊళ్ళో, తెర లేచేముందు మేమిద్దరం మాట్లాడుకుంటాం. ఎక్కడాగితే ఏం జెయ్యాల్నో ఆయన అనుకోనుంటాడు. రెండుసార్లు టార్చి మా గుర్తు."

అంటే అన్ని రిహార్సళ్ళతో పాటు ఆగిపోవడానికి కూడా ఒక రిహార్సలు ఉందన్నమాట! ట్రంకుపెట్టెలో కనపడని ఆఖరి వస్తువు ఆ ముసలాయన గొంతు.

అటు తరవాత ట్రాన్సిస్టరు వచ్చి వాల్వు మైకుసెట్లను తోసేసింది. నాటకాలు తగ్గి ఆర్కెస్ట్రాలు వచ్చాయి. గొంతు నుంచి మైకుకి మారిన ఈ కథంతా మన నెల్లూరులో ఒకే ఇంట్లో చూడొచ్చు. తండ్రి ఎస్.పి. సాంబమూర్తిగారు హరికథలు చెప్పినవారు. కొడుకు బాలసుబ్రహ్మణ్యం 1966 డిసెంబరులో తొలి సినిమా పాట పాడి, మైకులోంచి ప్రపంచమంతా వినపడ్డాడు. 1960లలో మద్రాసులో ఆయన నడిపిన కచేరీ బృందంలో గిటారు, హార్మోనియం పట్టుకున్నది ఇళయరాజా.

గిటారువాళ్ళు మాత్రం వాల్వును వదల్లేదు. 1950లలో అమెరికాలో ఫెండర్ వాళ్ళు బాస్‌మన్ అనే వాల్వు ఆంప్లిఫయర్ చేశారు. దాన్ని చూసి 1962లో లండనులో జిమ్ మార్షల్ దుకాణంవాళ్ళు తమది తయారుచేశారు. వాల్వును దాని శక్తికి మించి తోసినప్పుడు శబ్దం ఒక్కసారిగా పగలదు. పాడి పాడి బొంగురుపోయిన గొంతులా మెత్తగా జీరపోతుంది. ఆ జీర కోసమే ఇంత మోత. ఆ వాల్వులు ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాలలో తయారవుతూనే ఉన్నాయి.

ఇదంతా చెప్పి మా కుర్రాడికి జాబితా రాయించాను. పెద్ద వాల్వులు ఒక జత, చిన్నది ఒకటి, సరైన ఫ్యూజులు నాలుగు, వైర్లు రెండేసి, టార్చి, గుడ్డ. అరగంట ముందు వెలిగించి వినాలి. ఇసక మీద కాకుండా బల్ల మీద, గాలివాటుకు ఎదురు కాకుండా పెట్టాలి. వేడిగా ఉండగా కదిలించకూడదు. ఎంతకీ లేవకపోతే గిటారును నేరుగా మిక్సరుకి కలిపే చిన్న పెట్టె ఒకటి కాలి దగ్గర ఉండాలి.

"ఇవన్నీ సరే, మరి నీ నక్షత్రకుడు ఎవరు?" అన్నాను.

వాడు ఆలోచనలో పడ్డాడు. కరెంటు గిటారు, ఆంప్లిఫయర్ లేకపోతే, దోమ మూలిగినట్టు మూలుగుతుంది. దానికి సొంత గొంతు లేదు. మర్నాటినుంచి వాళ్ళింట్లో వింత రిహార్సలు మొదలైంది. పాట మంచి పట్టులో ఉండగా వాళ్ళ చెల్లెలు వచ్చి స్విచ్చి ఆపేస్తుంది. డోలక్ కుర్రాడు వెంటనే అందుకుంటాడు. పాడేవాడు ముందుకొచ్చి మైకు లేకుండా పల్లవి ఎత్తుకుంటాడు. మొదటి రోజు గందరగోళం. నాలుగో రోజుకి, ఆపింది కావాలనో పొరపాటునో బయటివాడికి తెలియనంత నున్నగా వచ్చింది.

కార్యక్రమం అయిన రాత్రి వచ్చి తలుపు కొట్టాడు. ముఖం కొంచెం చిన్నబోయి ఉంది.

"ఏం, ఆగిపోయిందా?"

"లేదు తాతయ్యా. చివరిదాకా బాగానే పాడింది. తెచ్చిన పెట్టె తెరవనే లేదు."

"తెరవని రోజు దానికి పండగ అబ్బయా" అన్నాను.