గొట్టం ఓర్చే బలం: నంద్యాల సీమలో తుపాకీమందు, కొలత, చట్టం

1839 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సైన్యం జొహరాపురం దగ్గర కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఓడించి బందీగా పట్టుకొన్నది. అప్పటి వరకు నంద్యాల, సిరివెళ్ల ప్రాంతాలు ఆయన ఏలుబడిలో ఉండగా, పొరుగున ఉన్న కోయిలకుంట్ల సీమ 1800లోనే నిజాం నుండి దత్తమండలాలతోపాటు కంపెనీ చేతికి వచ్చి ఉన్నది. నవాబు కోటలో దాచిన ఫిరంగులు, మందుగుండు రాశులు, పోత పోసే కొలుములు చూసి కంపెనీ అధికారులు నివ్వెరపోయారు. ఈ ఘట్టాన్ని చరిత్రకారులు సాధారణంగా కుట్ర కథగానే చెబుతారు. కాని ఆ ఆయుధాలను చేసినవారి ముందూ, వాడినవారి ముందూ రోజూ నిలిచిన ప్రశ్న వేరు: ఒక గొట్టం ఎంత మందును ఓర్చుకొంటుంది, ఎక్కడ పగులుతుంది?

నల్లమందు అంటే పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపి నూరినది. పెట్లుప్పును చౌడు నేలల మట్టిని నీటితో వడగట్టి, ఆ నీటిని కాచి తీసేవారు. తెలుగు సీమలో ఈ పని ఉప్పర కులస్థుల చేతిలో ఉండేది. శుక్రనీతి చెప్పే మందులో బొగ్గు జిల్లేడు, జెముడు వంటి చెట్లది. మందు అంటుకోగానే పుట్టే వాయువు గుండును ముందుకు నెట్టడంతోపాటు గొట్టాన్ని అన్ని వైపులా చీల్చబోతుంది కనుక, తుపాకీ భద్రత ఎక్కువగా ఇనుము అతుకు మీద ఆధారపడి ఉంటుంది. పాత పద్ధతిలో కమ్మరి ఇనుప రేకును సుత్తితో సాగగొట్టి, అంచులను దగ్గరకు తెచ్చి, బాగా కాల్చి అతికేవాడు. పొడవునా సాగిన ఆ ఒకే అతుకు గొట్టానికి బలహీనమైన చోటు. అక్బరు కాలానికి రేకును మెలిపెట్టి చుట్టి అతికే పద్ధతి వచ్చిందనీ, అంతకుముందు గొట్టంలో నాలుగో వంతుకు మించి మందు నింపడానికి వీలుండేది కాదనీ, కొత్త గొట్టాలు నిండా నింపినా పగలడం లేదనీ అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. భారతదేశంలో తుపాకీ ఒత్తిడికి రాతలో దొరికే తొలి హద్దులలో ఇది ఒకటి. అది అంకె కాదు, గొట్టం పొడవులో ఒక పాలు. అయినా అనుభవం నుండి తేలిన నిజమైన ప్రమాణమే.

పాలెగాళ్ల సీమలో ఈ పరిజ్ఞానం రాతకెక్కకుండానే చేతి నుండి చేతికి అందింది. 1846లో తిరుగుబాటు చేసిన పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు, ఆయన వెంట నడిచినవారికి ఎదురైనది కర్మాగారంలో మందును తూచి కాగితపు తూటాలుగా కట్టి ఇచ్చిన సైన్యం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. 1858లో కోయిలకుంట్లను కూడా కలుపుకొని కర్నూలు జిల్లా ఏర్పడింది. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేని తుపాకీ నేరమైంది. ఆయుధాలతోపాటు వాటిని పరీక్షించి చూసే నేర్పు కూడా గ్రామాల నుండి చాలావరకు తొలగిపోయింది. ఈ రెండో నష్టాన్ని చరిత్ర రచన ఇంతవరకు సరిగా లెక్కించలేదు.

ఇంగ్లండులో ఇదే సమస్య సంస్థల రూపం తీసుకొన్నది. 1637లో అధికార పత్రం పొందిన లండన్ తుపాకీ తయారీదారుల సంఘమూ, 1813లో బర్మింగ్‌హామ్‌లో నెలకొన్న పరీక్షాశాలా ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి, తట్టుకొన్నదాని మీదే ముద్ర వేసేవి. 1742లో బెంజమిన్ రాబిన్స్ లోలకం సాయంతో గుండు వేగాన్ని కొలిచాడు. 1860 దశకంలో ఆండ్రూ నోబుల్ చిన్న రాగి స్తంభం ఎంత నలిగిందో చూసి ఒత్తిడిని లెక్కకట్టే పద్ధతిని స్థిరపరిచాడు. హద్దు అప్పటికి అంకెగా మారింది.

ఆ అంకె అవసరం పొగలేని మందు రాకతో తీవ్రమైంది. 1888లో వచ్చిన .303 తూటాలో మొదట నల్లమందే ఉండగా, కొద్ది ఏళ్లకే దాని స్థానంలో కార్డైట్ వచ్చింది. నల్లమందు ఇంచుమించు ఒకే తీరున మండుతుంది. పొగలేని మందు ఒత్తిడి పెరిగే కొద్దీ మరింత వేగంగా మండుతుంది కనుక, కొలతలో చిన్న పొరపాటు కూడా అంతకు మించిన ఒత్తిడిని పుట్టిస్తుంది. గుండును తూటాలో ఎక్కువ లోతుకు దించినా, మందు రకం మారినా, తూటా ఎండకు కాగినా హద్దు కదులుతుంది. వేసవిలో 45 డిగ్రీల వరకు వేడెక్కే నంద్యాలలో ఈ చివరి సంగతి మామూలు విషయం కాదు. అమెరికా తయారీదారుల ప్రమాణంలో .303కు గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 49,000 పౌండ్లు. రాగి నలుగుడు పద్ధతిలో అదే హద్దు 45,000. ఈ రెండూ వేర్వేరు కొలతలు. ఒకదానిని మరొకటిగా చదవడమే పెద్ద ప్రమాదం. పైగా క్యాపు చదునుబారడం, బోల్టు బిగుసుకోవడం వంటి గుర్తులు కనిపించేసరికి ఒత్తిడి తరచు హద్దు దాటిపోయి ఉంటుంది. గుర్తులు లేనంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. అందుకే పరీక్షాశాలలో కొలిచి ప్రకటించిన పట్టికను దాటి, ఇంట్లో తూటాలు నింపి చేసే ప్రయోగానికి చోటు లేదు.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం కూడా నేరమే. అయినా నల్లమల అంచు గ్రామాలలో పంటను అడవిపందుల నుండి కాపాడుకోవడానికి నాటు తుపాకులు వాడటం, అవి పోలీసులకు పట్టుబడటం ఇప్పటికీ జరుగుతూనే ఉన్నది. నీటి పైపు వంటి ఇనుప గొట్టంతో చేసిన ఆయుధానికి అక్బరు కాలపు మెలిక అతుకు లేదు, బర్మింగ్‌హామ్ ముద్ర లేదు, ఏ పట్టికలోనూ దాని హద్దు ఉండదు. పేల్చినవాడి చేయి, కన్ను మాత్రం దానికి ఆనుకొనే ఉంటాయి.